వీపుకి వచ్చిన మార్కులు

ప్లోవ్‌దివ్,
12 మార్చి 2017

పెదనాన్నా,

ఫోన్ చేస్తే నీకు వినపడదు, వినపడినా నమ్మవు. ముప్పై ఎనిమిదేళ్ళు ఊరంతా ఉత్తరాలు పంచినవాడివి కదా, కాగితం మీద ఉంటేనే నీకది మాట. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ముందు మంచి కబురు. నీ గుండె నాళాల్లో బాగా మూసుకుపోయిన రెండూ తెరుచుకున్నాయి. మూడు గంటలు బల్ల మీద కదలకుండా పడుకున్నావని డాక్టర్ బోయాజియెవ్ కనపడిన వాళ్ళందరికీ చెప్తున్నాడు. "మీ పెదనాన్న భలే మనిషమ్మా, నేనైతే గంటకే లేచి పారిపోయేవాణ్ణి" అన్నాడు.

ఇప్పుడు రెండో కబురు, నెమ్మదిగా చదువు. ఆ మూడు గంటలూ అద్దం వెనక నిలబడి అప్పుడప్పుడూ కేకలేసింది నేనే. నా ఉద్యోగమే అది. నాళంలో తీగ ఎక్కడిదాకా పోయిందో డాక్టరుకి కనపడాలంటే బల్ల కింద నుంచి ఎక్స్‌రే కిరణాలు నీ వీపులోంచి పైకి రావాలి. అవి నీ చర్మానికి ఎంత తగిలాయో తెర మీద అంకె పడుతూ ఉంటుంది. మూడు దాటితే డాక్టరుకి చెప్తాను, ఐదు దాటితే గట్టిగా చెప్తాను. అప్పుడాయన కిరణాలొచ్చే గొట్టాన్ని తిప్పి ఇంకో వైపు నుంచి చూస్తాడు, అంతా ఒకే చోట పడకుండా. నీకు ఆరు వచ్చింది. అంత వచ్చేవాళ్ళు మా దగ్గర ఏడాదికి పదిమంది కూడా ఉండరు. ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన కాగితంలో అట్టడుగు వరుస చూడు, 6.2 అని ఉంటుంది. ఆ ఒక్క వరుస అచ్చు వేయించడానికి నేను ఏడాది పోట్లాడాను.

కంగారుపడాల్సిందేమీ లేదు. కాకపోతే ఇంకో వారం పది రోజుల్లో కుడి రెక్క ఎముక కింద అరచేయంత మేర ఎర్రబడొచ్చు. పడకపోనూవచ్చు. మే నెలాఖరు దాకా వారానికోసారి ఎవరిచేతనైనా చూపించుకుని నాకు రాయి. అక్కడ వేడినీళ్ళు తగలనీయకు, రుద్దించకు, రకియా సారా పట్టించకు. కడుపులోకి పోసే రకియా సంగతి డాక్టరు చూసుకుంటాడు.

ఇందులో నా స్వార్థం కూడా ఉంది. నవంబరు నుంచి నలభై ఒక్కమందికి ఇలాగే చెప్పి పంపాను. వీపు చూసుకుని రాయండి, పుస్తకంలో ఎక్కించుకుంటాను అని. జవాబు రాసింది ఇద్దరు. అందులో ఒకాయన ఆసుపత్రి చారు ఉప్పగా ఉందని రాశాడు. "ఎవరూ రాలేదంటే అందరూ బాగున్నట్టేగా, నువ్వు అద్దం వెనక నిలబడి అరవడం దేనికి?" అంటున్నాడు మా విభాగం పెద్దాయన. జూన్‌లో సమావేశం ఉంది. ఆలోగా వీపుల కబుర్లు రాకపోతే ఆ పని ఎత్తేసి నన్ను కాగితాల గదిలో పడేస్తారు.

మార్చి మొదట్లో చేతికి కట్టుకునే ఎరుపు తెలుపు మార్తెనిత్సా దారం పెట్టాను, ఆలస్యమైనా కట్టుకో. కొంగ కనపడేదాకా తీయకు.

నీ నెవెనా


టోప్లిట్సా,
17 మార్చి

నెవెనా తల్లీ,

నీ ఉత్తరం నాలుగు రోజులు తీసుకుంది. నేను సైకిలు మీద తిరిగిన రోజుల్లో రెండే పట్టేది. ఇప్పటి పోస్టుమాన్‌కి కారు ఇచ్చారు, అందుకే ఈ ఆలస్యం. ఎడమ చేతికి దారం కట్టుకున్నాను.

ఆరా! మూడుసార్లు చదువుకున్నాను తల్లీ. నాలుగోసారి మీ పెద్దమ్మ ఫోటో ముందు నిలబడి పైకి చదివాను. మా బడిలో రెండంటే తప్పినట్టు, మూడంటే గట్టెక్కినట్టు. నేను ఎనిమిదేళ్ళూ ఆ మూడు పట్టుకునే వేలాడాను. ఎప్పుడైనా నాలుగొస్తే, పొరబాటున వేశారేమోనని మా అమ్మ బడికెళ్ళి కనుక్కునేది. మీ నాన్నకి మాత్రం అన్నిట్లో ఆరే. ఆరుకి పైన మార్కు లేదు కాబట్టి సరిపోయింది, ఉంటే అదీ తెచ్చేవాడు. అలాంటిది డెబ్బై ఒక్కేళ్ళకి, పెద్ద ఆసుపత్రిలో, అంతమంది డాక్టర్ల ముందు నాకు ఆరు! ఏడాదికి పదిమందికి కూడా రాదా! పడుకుంటే ఇంత మార్కు వస్తుందని ముందే తెలిస్తే బడిలో కూడా పడుకునేవాణ్ణి. మీ నాన్నకి చెప్పావా?

ఇక వీపు సంగతి. మీ పెద్దమ్మ డోనా పోయి ఆరేళ్ళయింది, నా వీపు చూసే మనిషెవరు? రెండద్దాలు పెట్టి చూశాను, నా చెవి కనపడింది. ఉత్తరాల సంచీ మోసినన్నేళ్ళూ ఈ వీపు మీదే బతికాను, దాని మొహం మాత్రం ఇంతవరకూ చూడలేదు. ఈ ఊళ్ళో మగాడి వీపు ఇంకో మనిషి కంట పడేది ఒక్కచోటే, ఊటనీళ్ళ స్నానశాలలో. నువ్వేమో వేడినీళ్ళొద్దంటున్నావు. మరి నీ పుస్తకం నిండేదెలా?

గులాబీ రేకుల మురబ్బా సీసా పంపాను. మూత గట్టిగా ఉంది, మీ నాన్నచేత తీయించు.

ఆరు మార్కుల
గాంచో పెదనాన్న


ప్లోవ్‌దివ్,
22 మార్చి

పెదనాన్నా,

ఎంత నవ్వించావు! నీ ఆరు మార్కుల ముక్క మా గదిలో అందరికీ చదివి వినిపించాను. నర్సులు కళ్ళు తుడుచుకున్నారు. బోయాజియెవ్ అయితే "ఈయనకి చివరి నాళం కూడా నేనే చేస్తా, వేరేవాళ్ళకివ్వను" అన్నాడు. ఎడమవైపు సన్ననిది ఒకటి మిగిలింది, శరత్కాలంలో చూద్దామంటున్నాడు.

స్నానశాలకి వెళ్ళు. తొట్టిలోకి దిగకుండా రాతి అరుగు మీద కూర్చో. చూసేవాళ్ళు చూడొచ్చు, రుద్దేవాళ్ళు మాత్రం రుద్దకూడదు. వీపులు తోమే స్లావికి నా మాటగా చెప్పు, చేతికి ఆ మేకవెంట్రుకల తొడుగు లేకుండా దగ్గరికి రమ్మను.

నాన్నకి నీ అంకె చెప్పాను. మొహం మాడిపోయింది. భోజనం మధ్యలో లేచి వెళ్ళిపోయాడు. నువ్వే ఒక ముక్క రాయరాదూ, కుదుటపడతాడు.

ఈ వారం జవాబులు సున్నా. పెద్దాయన నా బల్ల పక్కగా వెళ్తూ ఖాళీ పుస్తకం చూసి దగ్గుతున్నాడు.

నీ నెవెనా


టోప్లిట్సా,
4 ఏప్రిల్

నెవెనా తల్లీ,

ఈసారి ఆరు రోజులు పట్టింది, కవరు మీద టీ మరక కూడా ఉంది. ఎవరో బల్ల మీద పెట్టుకుని టీ తాగారన్నమాట. మా రోజుల్లో ఆ పని చేస్తే ఉద్యోగం ఊడేది.

డాక్టర్లూ నర్సులూ నా ఆరు చూసి సంతోషించినందుకు ధన్యవాదాలు చెప్పు. మీ నాన్న సంగతి నాకు కొత్త కాదు. ఇంకొకళ్ళకి ఆరు వస్తే వాడికి చిన్నప్పటినుంచీ ముద్ద దిగదు. పోనీలే, ఇన్నాళ్ళకి తెలిసొచ్చింది.

ఇక స్నానశాల కబురు విను. మంగళ, గురు, శనివారాలు మగాళ్ళ రోజులు. మంగళవారం వెళ్ళి అరుగు మీద కూర్చుని చొక్కా విప్పాను.

"ఏం గాంచో, వీపుకి తపాలా బిళ్ళ అతికించుకున్నావేంటి?" అన్నాడు స్లావి.

"ఎలా ఉందిరా?"

"నలుచదరంగా ఉంది. గులాబీ రంగు. అంచులు స్కేలు పెట్టి గీసినట్టున్నాయి."

"అది ఆరు వచ్చినవాళ్ళకి వేసే ముద్ర" అన్నాను. అబద్ధమేం కాదుగా!

అంతే, స్నానశాల స్నానశాలంతా నా వెనక చేరింది. ఒకడు వేలు పెట్టి చూడబోతే స్లావి చేతిమీద కొట్టాడు. నొప్పి లేదు, కొంచెం చురుక్కుమంటోంది, నీ పుస్తకంలో రాసుకో. ట్రాక్టరు తనాస్ మాత్రం ఓర్చుకోలేకపోయాడు.

"డిసెంబరులో నాకూ గుండెకి చేశారు. నా వీపుకి ఏం తక్కువ?"

"కాగితం తీసుకురా, చూద్దాం" అన్నాను.

గురువారం తెచ్చాడు. 1.9!

"పోనీ రెండనుకో. రెండన్నా తప్పినట్టే" అన్నాను.

"ఒరేయ్ పోస్టుమానూ, సైకిలు తొక్కే నీకు ఆరు, ట్రాక్టరు నడిపిన నాకు రెండూనా? ఆసుపత్రిలో కూడా సిఫార్సులే! నీ తమ్ముడి కూతురు అక్కడుంది కాబట్టి వేయించుకున్నావు!"

అప్పటినుంచీ వాడు నాతో మాట్లాడటం లేదు. నాకు మహా సంతోషంగా ఉంది. శనివారానికి చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు కూడా కాగితాలు పట్టుకొచ్చారు. మూడులు, నాలుగులు, ఒకడికి ఐదు. నన్ను దాటినవాడు లేడు.

అన్నట్టు మించో మాస్టారు కూడా తెచ్చాడు, లెక్కలు చెప్పి రిటైరయ్యాడే, ఆయన. ఆయనకి పోయిన సెప్టెంబరులో ఒకసారి, అక్టోబరులో ఇంకోసారి చేశారట. రెండు కాగితాలు. ఒకదాంట్లో 9.4, ఇంకోదాంట్లో 7.1. "నలభయ్యేళ్ళు మార్కులు వేశానయ్యా, ఆరుకి పైన మార్కు లేదు, ఇది అచ్చుతప్పు" అని ఆయనే తేల్చి మడిచి జేబులో పెట్టేసుకున్నాడు. పాపం, చలికాలం నుంచీ ఆయన తొట్టిలోకి దిగడం లేదు, వీపు మీద తువ్వాలు కప్పుకునే కూర్చుంటాడు. ఏదో పుండట, నాలుగు నెలలైనా మానలేదు. పక్కటౌను చర్మం డాక్టరు ముందు తామర అన్నాడు, తర్వాత కాదన్నాడు, ఇప్పుడు 13వ తారీకున చిన్న ముక్క కోసి చూస్తానంటున్నాడు.

కాగితం అయిపోయింది, ఉంటాను.

గాంచో పెదనాన్న


ప్లోవ్‌దివ్,
11 ఏప్రిల్, మంగళవారం

పెదనాన్నా,

నీ ఉత్తరం ఇవాళ పొద్దున అందింది. చివరి పేరా చదివి స్నానశాలకి ఫోన్ చేశాను. టిక్కెట్ల కిటికీలో పేనా ఎత్తింది. ఏం అరిచానో నాకే గుర్తులేదు. మించో మాస్టారిని ఎవరిచేతా కోయించవద్దనీ, రేపే బస్సెక్కించి మా దగ్గరికి పంపమనీ చెప్పాను. ఈ ఉత్తరం చేరేలోపు ఆయన ఇక్కడ ఉండాలి.

అది అచ్చుతప్పు కాదు పెదనాన్నా. రెండుసార్లూ ఒకే చోట పడింది. రెండూ కలిపితే పదహారున్నర. ఆయన వీపు మీద పుండు తామరా కాదు, ఇంకోటీ కాదు, ఎక్స్‌రే కిరణాలు కాల్చిన చోటు. అలాంటి చర్మంలో చిన్న ముక్క కోసినా ఆ గాయం నెలల తరబడి మానదు, ఇంకా పెద్దదవుతుంది. ఆయనకి చేసేనాటికి నేనింకా అద్దం వెనక నిలబడటం మొదలుపెట్టలేదు. కాగితం మీద ఆ వరుస అచ్చు వేయించడం ఒక్కటే చేశాను.

ఇప్పుడు నీకు చెప్పాల్సిన మాట, చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఆరు మార్కు కాదు. నీ చర్మం తిన్న దెబ్బ లెక్క అది. అక్కడ పెద్ద అంకె వచ్చినవాడే దురదృష్టవంతుడు. నువ్వు భయపడతావని మొదటి ఉత్తరంలో మెత్తగా రాశాను. నువ్వు మార్కని రాస్తే హాస్యమాడుతున్నావనుకున్నాను. నిజంగా సంతోషపడుతున్నావని తెలీక అందరికీ చదివి నవ్వించాను. నాన్న మొహం మాడింది అసూయతో కాదు, నీ మీద బెంగతో.

అంకె అచ్చు వేయించడానికి ఏడాది కొట్లాడాను గానీ, దాన్ని చదివేవాళ్ళకి ఏం అర్థమవుతుందో ఒక్కరోజు కూడా ఆలోచించలేదు. అంత పెద్ద లెక్కల మాస్టారు కూడా దాన్ని మార్కే అనుకున్నాడంటే తప్పు ఆయనది కాదు, నాది.

నీ వీపు ఎరుపు తగ్గిపోయేదే, ఒట్టు. అయినా నువ్వు కూడా మాస్టారి వెనకే రా. నా కళ్ళతో చూసుకుంటాను.

నెవెనా


టోప్లిట్సా,
25 ఏప్రిల్

నెవెనా,

నీ ఉత్తరం ఎన్ని రోజులు తీసుకుందో చూడలేదు.

నేను రాలేదని నీకు కోపం వచ్చి ఉంటుంది. మించో మాస్టారితో తనాస్ వచ్చాడుగా. నేను ఇంట్లోనే కూర్చున్నాను. మూడు స్నానాల రోజులు గడప దాటలేదు. నాకు బాధేసింది తల్లీ, దాచడమెందుకు. డెబ్బై ఒక్కేళ్ళకి ఒక ఆరు వచ్చిందనుకున్నాను. అందరూ నవ్వారంటే సంతోషంతో అనుకున్నాను. ఈస్టరుకి ఇద్దరు కలిసి పగలగొట్టుకునే ఎర్రగుడ్లాట కూడా ఒక్కణ్ణే రెండు చేతులతో ఆడుకున్నాను, కుడిచేతి గుడ్డు పగలకుండా గెలిచింది.

తర్వాత పేనా వచ్చి తలుపు బాదింది. ఈస్టరు తీపి రొట్టె కొజునాక్ పెట్టి, నేను స్నానశాలకి వెళ్ళని ఆ మంగళవారం ఏం జరిగిందో చెప్పింది. నీ ఫోన్ రాగానే ఆవిడ కిటికీ వదిలేసి మగాళ్ళ తొట్టి దగ్గరికి పరుగెత్తింది. మా స్నానశాల కట్టినప్పటినుంచీ మగాళ్ళ రోజున ఆడమనిషి లోపలికి అడుగుపెట్టడం అదే మొదలు. తువ్వాళ్ళు అందినవాళ్ళు తువ్వాళ్ళు, అందనివాళ్ళు చెంబులు అడ్డం పెట్టుకున్నారు. స్లావికి ఆ తొడుగు ఒక్కటే దొరికితే, ఎక్కడ పెట్టుకోవాలో తెలీక నెత్తిన పెట్టుకున్నాడట. ఆవిడ మాత్రం ఎవరినీ చూడకుండా, "మాస్టారూ, కోయించుకోకండి! నెవెనా చెప్పింది, కోయించుకోకండి!" అని ఒకటే కేకలు. మాస్టారు తువ్వాలు తీశాడు. తొట్టిలో ఉన్నవాళ్ళందరికీ పుండు కనపడింది. అదీ నలుచదరంగానే ఉందట. నాది తపాలా బిళ్ళయితే ఆయనది నడిమధ్యన గుంటపడిన బిళ్ళన్నమాట.

"నువ్వు ఆ మార్కుల పిచ్చి మొదలుపెట్టకపోతే ఆయన ఆ కాగితాలు బయటికి తీసేవాడేనా?" అంది పేనా. నేను ఆ వైపు నుంచి ఆలోచించలేదు.

మర్నాడు స్నానశాలకి వెళ్ళి అరుగెక్కి నిలబడి చెప్పేశాను. "ఆరు మంచిది కాదట. ఎంత తక్కువైతే అంత మంచిదట. తనాస్‌కి వచ్చిన రెండే అందరికంటే గొప్పది" అని. తనాస్ లేచి నిలబడి, తువ్వాలు భుజాన వేసుకుని, నలువైపులా తిరిగి తల వంచి దణ్ణం పెట్టాడు. ఇప్పుడు వాడే క్లాసు ఫస్టు. వాడి పొగరు చూడలేకపోతున్నాం.

వీపు గులాబీ రంగు పోయి గోధుమరంగులోకి దిగింది, చురుకు లేదు. చూసినవాడు స్లావి.

పెదనాన్న


ప్లోవ్‌దివ్,
3 మే

పెదనాన్నా,

నువ్వు రాసేవరకూ నాకు ప్రాణం కుదుటపడలేదు. నన్ను క్షమించావని ఎక్కడా రాయలేదు గానీ, స్లావి తొడుగు సంగతి రాశావు కాబట్టి క్షమించావనే అనుకుంటున్నాను.

మించో మాస్టారు మా దగ్గరే ఉన్నాడు. పట్టీ రోజూ మారుస్తున్నారు. నెమ్మదిగా మానుతుందట, మానకపోతే తొడ చర్మం తెచ్చి అతుకుతారు. సమయానికి వచ్చాడని అందరూ అంటున్నారు. బోయాజియెవ్ స్వయంగా వచ్చి వీపు చూశాడు. ఆ రెండుసార్లూ చేసింది ఆయనే. తర్వాత మంచం పక్కన కూర్చుని, "మాస్టారూ, మీ గుండె చూస్తూ మీ వీపు మర్చిపోయాను" అన్నాడు. మాస్టారు ఆయనకి శాతాల మీద రెండు లెక్కలిచ్చి చేయమన్నాడు, శిక్షగా. ఒకటి తప్పు చేశాడు. ఇప్పుడు నేను మూడు అనగానే గొట్టం తిప్పేస్తున్నాడు, ఐదు దాకా ఆగడం లేదు.

పెద్దాయన మాత్రం, "ఒక్క వీపుతో ఏం తేలుతుంది?" అంటున్నాడు. పద్ధతి నిలబడాలంటే నాకు ఇరవై వీపులన్నా కావాలి. ఏమీ లేదన్నా సరే, ఏమీ లేదని తెలియడం కూడా జవాబే. సమావేశం జూన్ 6న.

ఇంకో మాట. నీ ఉత్తరం నాన్నకి చదివాను. మార్కుల దగ్గరికి రాగానే కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "భూగోళంలో నా ఆరు మా అన్నయ్యదే. పటాలన్నీ వాడే గీసిపెట్టేవాడు. వాగులు, వంతెనలు, ఏ సందు ఎక్కడ తిరుగుతుందో వాడికి తెలిసినట్టు మా మాస్టారికి కూడా తెలీదు. నేను పేరు రాసుకుని ఇచ్చేవాణ్ణి" అన్నాడు. యాభై ఏళ్ళకి పైగా ఎవరికీ చెప్పలేదట. చెప్పి హాయిగా మురబ్బా మూత తీశాడు.

నీ నెవెనా


టోప్లిట్సా,
22 మే

నెవెనా తల్లీ,

మూడు రోజులు. మెరుగే.

భూగోళం సంగతి వాడికి గుర్తుందా! గుర్తుండి ఇన్నాళ్ళూ ఊరుకున్నాడా దొంగ! చాలా సంతోషమేసింది, వాడితో మాత్రం చెప్పకు.

ఇందులో ఇరవై మూడు కాగితాలున్నాయి, మడత నలగకుండా అట్ట పెట్టాను. ఒక్కోటీ ఒక్కో వీపు పటం. పైన మెడ, కింద నడుం, నడిమధ్య వెన్నెముక, అది మా ఊరి పెద్దరోడ్డనుకో. కొలతలు స్లావి జానతో తీశాడు, నేను సెంటీమీటర్లలోకి మార్చి మూలన రాశాను. పదహారు మగాళ్ళవి. ఏడు ఆడవాళ్ళవి. అవి వాళ్ళ రోజున పేనా చూసి చెప్తే కిటికీ బయట నిలబడి గీశాను, అనుమానం పెట్టుకోకు. గులాబీలు కోసే రోజులు కదా, పొద్దున్నే తోటల్లోంచి నేరుగా స్నానానికే వస్తున్నారు, ఊరి చుట్టుపక్కల వీపులన్నీ తేలిగ్గా దొరికాయి. ఇప్పుడు మా స్నానశాలలో పద్ధతి ఏమిటంటే, కాగితంలో అంకె ఉన్నవాడిని స్లావి ముందు చూస్తాడు, తర్వాతే తోముతాడు. మూడు దాటినవాడికి ఆ చోట తొడుగు తగలదు.

పేర్లు రాయలేదు. ముప్పై ఎనిమిదేళ్ళు ఎవరి కవర్లో ఏముందో ఎవరికీ చెప్పనివాణ్ణి, ఎవరి వీపు మీద ఏముందో మాత్రం చెప్తానా? పటాలకి అంకెలు వేశాను. ఏ అంకె ఎవరిదో వేరే కవర్లో నీకొక్కదానికే పంపాను, రేపు అందుతుంది.

ఇరవై వీపుల మీద నీకు కావలసిందేమీ లేదు. పుట్టుమచ్చలు వదిలేశాను. పదకొండో నంబరు మీద గాడిద తన్నిన మచ్చ ఉంది, దాన్ని నీ ఎక్స్‌రే ఖాతాలో వేసేవు, జాగ్రత్త. నాలుగు, పద్దెనిమిది, ఈ రెంటి మీద లేత గోధుమరంగు నలుచదరం ఉంది. పద్దెనిమిదో నంబరు నేనే. ఒకటో నంబరు మాస్టారు. అది ఆయన చెప్పి గీయించాడు, తిరిగొచ్చాక. "నిష్పత్తి తప్పింది గాంచో, మళ్ళీ గీయి" అని రెండుసార్లు దిద్దించాడు. మూడోసారి కింద సంతకం పెట్టి, పక్కన మార్కు వేశాడు. ఎంతో చెప్పను, చూసుకో.

పెదనాన్న


ప్లోవ్‌దివ్,
7 జూన్

పెదనాన్నా,

పని నిలిచింది!

పెద్దాయన పటాలన్నీ సమావేశం బల్ల మీద పరిపించాడు. బల్ల చాల్లేదు, నాలుగు కిటికీ గట్టుమీద పెట్టారు. అందరూ లేచి తిరిగి చూశారు. మాస్టారి వీపు దగ్గర ఆగారు. "ఇవి గీసినవాడు ఏ ఆసుపత్రిలో చేస్తాడు?" అని పెద్దాయన అడిగాడు. "తపాలా శాఖలో చేశాడండీ" అన్నాను. "మీ అందరికంటే ఒక్క పోస్టుమాన్ నయం" అని మా వాళ్ళని కేకలేశాడు. ఇకనుంచి అద్దం వెనక నేనొక్కదాన్నే కాదు, ఇంకో మనిషిని కూడా ఇస్తున్నారు. మూడు దాటిన ప్రతివాళ్ళ ఇంటికీ ఫోన్ చేసి అడుగుతారు. ఫోన్ ఎత్తనివాళ్ళకి ఉత్తరం రాస్తారు, నీ కోసం ఆ ముక్క నేనే చేర్పించాను.

కాగితం మీద అంకె కింద కొత్త వరుస కూడా అచ్చు వేస్తున్నారు. "ఇది మార్కు కాదు. తక్కువైతేనే మంచిది. వీపు ఎవరికైనా చూపించండి." మాటలు నావి కావు. మాస్టారిని ఇంటికి తీసుకెళ్ళడానికి తనాస్ వచ్చిన రోజు కారిడార్లో అందరికీ చెప్పిన మాటలే.

నీ పటం మీద మాస్టారు వేసిన ఆరు చూశాను. అది అసలైన ఆరు, ఎవరూ కాదనలేరు. నాన్న ఆ ఒక్క పటాన్నీ నకలు తీయించుకుని వంటింట్లో తగిలించాడు. మించో మాస్టారి వీపు చూస్తూ అన్నం తినాల్సొస్తోంది మాకు.

నీ చివరి నాళం సెప్టెంబరు 18న. బోయాజియెవే చేస్తాడు. నేను అద్దం వెనకే ఉంటాను.

నీ నెవెనా


టోప్లిట్సా,
12 జూన్

నెవెనా తల్లీ,

రెండే రోజుల్లో వచ్చింది నీ ఉత్తరం. పోస్టుమాన్ ఇంటిదాకా వచ్చి చేతికిచ్చాడు. వాడి మామగారి వీపు ఆరో నంబరులే.

మీ నాన్నకి చెప్పు, ఆ గోడమీది పటం కింద నా పేరు రాయాలి. ఈసారి వాడి పేరు రాసుకుంటే ఒప్పుకోను.

సెప్టెంబరు 18న వస్తాను. మాస్టారు బస్సులో తోడొస్తానన్నాడు, పుండు అంచులు దగ్గరకొస్తున్నాయి, ఇప్పుడు సీటుకి ఆనుకుని కూర్చోగలుగుతున్నాడు. పేనా నా రాతి అరుగు మీద మెత్తటి గుడ్డ పరుస్తోంది, ఎవరూ అడగకుండానే.

ఒక్కటే కోరిక. నువ్వు అద్దం వెనక గట్టిగా అరువు, నాకు వినపడేంత గట్టిగా. బోయాజియెవ్‌ని ఆ గొట్టం తిప్పుతూనే ఉండమను. జన్మకి సరిపడా ఒక ఆరు వచ్చేసింది, అది చాలు. ఈసారి నాకు రెండు వేయించు తల్లీ. తిరిగొచ్చి ఊళ్ళో బస్సు దిగి నేరుగా స్నానశాలకి వెళ్ళి, అరుగెక్కి, తనాస్ మొహం చూస్తూ చెప్పుకుంటాను, తప్పానని.

నీ పెదనాన్న,
గాంచో